మెరక మీది పదిహేడు ఇళ్లు

ఆ ఊరిని పుట్టించింది ఆమే. కావాలని చేసిన పని కాదు. పన్నెండేళ్ల క్రితం, శాంతి పాఠాలు చెప్పే విశ్వవిద్యాలయంలో గుమస్తాగా చేరిన కొత్తలో, ప్రొఫెసర్ గారు ఒక పటం చేతికిచ్చి శుభ్రంగా తిరిగి గీయమన్నారు. లేని దేశానికి పటం అది. మధ్యలో ఒక నది, కుడిగట్టు వాళ్లు, ఎడమగట్టు వాళ్లు, ఇద్దరికీ తాతల నాటి పగ. నలభై దేశాల నుంచి వచ్చిన విద్యార్థులు ఏటా రెండు జట్లుగా విడిపోయి, మూడు రోజుల పాటు ఆ పటం ముందు కూర్చుని రాజీ కుదుర్చడం నేర్చుకుంటారు. వాటికి నమూనా చర్చలని పేరు.

నది వంపు తిరిగే చోట ఒక మెరక ఖాళీగా కనిపించింది. గోడకు ఒట్టి మేకు ఉంటే ఏదో ఒకటి తగిలించేదాకా చేయి ఊరుకోని మనిషి ఆమె. అక్కడ ఒక చుక్క పెట్టింది. చుక్క పెట్టాక ఊరు రాయక తప్పలేదు. పదిహేడు ఇళ్లు రాసింది. ఇంటింటికీ మనుషుల్ని, వాళ్ల వయసుల్ని, వాళ్లు చేసే పనుల్ని రాసింది. తొమ్మిదో ఇంట్లో ఒక మంత్రసానిని పెట్టింది. ఆ మంత్రసాని దగ్గర పెరిగే ఆడపిల్లను పెట్టింది. వయసు దగ్గర ‘నెలల పిల్ల’ అని రాసింది.

ఆ ఏడాదే ఆమెకు ఏడో నెలలో కడుపు పోయింది. మళ్లీ నిలవలేదు. పుట్టబోయే పిల్లకని మనసులో ఒక పేరు అనుకుంది. అది భర్తకు కూడా చెప్పలేదు. కాగితం మీదా రాయలేదు.

చర్చల కాగితాల్లో ఆ ఇళ్ల జాబితాను ఏడో అనుబంధం అంటారు. దాన్ని తెరిచి చూసినవాళ్లు లేరు. అయినా ప్రతి ఏటా చర్చలకు వారం ముందు ఆమె దాన్ని బీరువాలోంచి తీసి, అందరి వయసులకూ ఒక్కొక్కటి కలుపుతుంది. కాలం తీరినవాళ్లను కొట్టేస్తుంది. పోయినేడు నాలుగో ఇంటి తాతను కొట్టేసి, ఆ పూట భోజనం సయించక ఊరికే పడుకుంది. ఈ ఏటితో తొమ్మిదో ఇంటి పిల్లకు పన్నెండు.

ఈసారి చర్చలు మూడో రోజు మధ్యాహ్నానికి కొలిక్కి వచ్చాయి. విద్యార్థులు ఒప్పందం చిత్తు ప్రతి ఆమె బల్ల మీద పెట్టి, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని క్యాంటీన్ వైపు వెళ్లిపోయారు. సాయంత్రం ఐదింటికి సంతకాలు. ఈలోగా ఆమె టైపు చేసి ఇవ్వాలి. ఒకసారి మొత్తం చదివింది. పద్నాలుగో అంశం దగ్గర ఆగి, మళ్లీ చదివింది. తర్వాత లేచి తనూ క్యాంటీన్‌కి వెళ్లింది.

క్యాంటీన్ నడిపేది ఆమె ఆడపడుచు. తమ్ముడి పెళ్లాం మొహం చూడగానే గరిట పక్కన పెట్టింది.

“ఏం అమ్మాయ్, అలా ఉన్నావు? రాజీ కుదిరిందటగా. ఆ పొడుగమ్మాయీ, గడ్డమాయనా పొద్దున జుట్లు పట్టుకునేలా ఉన్నారు. ఇప్పుడు ఒకళ్ల కాఫీ ఒకళ్లు తాగేస్తున్నారు.”

“కుదిరింది వదినా. పద్నాలుగో అంశమే బాగా లేదు.”

“నాకు పదమూడు దాకే లెక్కలొచ్చు. నువ్వే చెప్పు.”

చెప్పింది. ఎడమగట్టులో మూడు వందల కుటుంబాలు నది ఒడ్డున గుడారాల్లో ఉన్నాయి. వానలొస్తే కొట్టుకుపోతాయి. అందుకని మెరక మీది పదిహేడు ఇళ్లవాళ్లు పది రోజుల్లో ఖాళీ చేసి, ఆ చోటు గుడారాల వాళ్లకు ఇవ్వాలి. ఇళ్లు వదిలినవాళ్లు ఎక్కడికి వెళ్లాలన్నది మాత్రం ఎవరూ రాయలేదు. చర్చల బల్ల దగ్గర ఆ ఊరి తరఫున ఎవరికీ కుర్చీ లేదు కాబట్టి, ఎవరికీ గుర్తు రాలేదు.

“మూడు వందలకి పదిహేడు. నేనైనా అదే చేస్తాను,” అంది వదిన. “అయినా లేని ఊరి మీద ఇంత బెంగేమిటే? ఉన్న మొగుడు రెండు రోజులుగా చొక్కాకి బొత్తాం లేదని నా దగ్గరికొచ్చి ఏడుస్తున్నాడు.”

“మీ తమ్ముడేగా, మీరే కుట్టండి.”

“బొత్తాం కుట్టాను. ఇక మిగిలింది వాడి నోరే.”

ఆమె నవ్వింది. నవ్వు ఆఫీసు మెట్ల దాకా ఉంది.

గది బయట బెంచీ మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. ఒళ్లో బట్టల మూట. పాదాలకు చెప్పులు లేవు. చీలమండల దాకా ఎర్రటి బురద, ఇంకా తడిగా ఉంది. వాన పడి నెల దాటింది. అప్పుడప్పుడు ప్రొఫెసర్ గారు బాధితుల వేషం వేయడానికి నాటకాల వాళ్లను పిలిపిస్తుంటారు. ఈవిడా అలా వచ్చిందే అనుకుంది.

“చర్చలు అయిపోయాయి పెద్దమ్మా. మిమ్మల్ని ఆలస్యంగా పంపారు.”

“ఎవరూ పంపలేదమ్మా, నేనే వచ్చాను. పది రోజుల్లో వెళ్లిపోమన్నారట. ఎక్కడికో కాగితంలో లేదట. కనుక్కుందామని.”

చిత్తు ప్రతి ఇంకా బల్ల మీద, పేపరు వెయిటు కిందే ఉంది.

“మీది ఏ ఇల్లు?” అని అడిగింది. అడిగాక, ఆ ప్రశ్న తన నోట ఎలా వచ్చిందా అనుకుంది.

“తొమ్మిదో ఇల్లు. పురుళ్లు పోస్తాను. మా పిల్లకు పన్నెండు నిండాయి. మీరు ఏటా మరిచిపోకుండా ఒకటి కలుపుతారుగా.” అంటూ ఆ పిల్ల పేరు చెప్పింది.

అదే పేరు. ఎవరికీ చెప్పని పేరు.

ముసలామె ఏ భాషలో మాట్లాడిందో ఆమెకు తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా తెలియలేదు. అర్థమైందని మాత్రం తెలుసు.

“పిల్ల రానంటోందమ్మా. బావి విడిచి కదలనంటోంది. ఐదింటికి సంతకాలట, ఆ తర్వాత ఎవరూ వినరట. మీరు ఒక్కమాట చెప్పి రాయించండి. నేనిక్కడే కూర్చుంటాను.”

అంతలో తుడిచే ఆయన బకెట్టుతో వచ్చాడు. “కాళ్లెత్తు పెద్దమ్మా,” అన్నాడు. ముసలామె రెండు కాళ్లూ ఎత్తింది. అతను కింది ఎర్రమట్టి తుడిచి, గుడ్డ పిండుకుని వెళ్లిపోయాడు. బకెట్లో నీళ్లు ఎర్రబడ్డాయి. ఇదంతా కలే అనుకుందామన్న ఆశ కూడా ఆ నీళ్లతోనే పోయింది.

ప్రొఫెసర్ గారి గదికి వెళ్లింది. ఆయన ప్రతి దానికీ సమన్వయం అంటారని విద్యార్థులు ఆయనకు సమన్వయం గారని పేరు పెట్టారు.

“సార్, పద్నాలుగో అంశంలో ఆ ఊరివాళ్లు ఎక్కడికి వెళ్లాలో లేదు.”

“చూశానమ్మా. చక్కటి తప్పు. రేపు పది గంటల సమీక్షలో దాన్నే పట్టుకుంటాను. చేసిన తప్పు కళ్లారా చూసుకుంటేనే నేర్చుకుంటారు.”

“ఈలోగా వాళ్లు?”

“ఎవరు?”

ఆమె తలుపు వైపు చూసింది. బెంచీ మీద ఒకావిడ ఉంది, వచ్చి చూడండి అనవచ్చు. చూస్తే ఆయన ఆవిడకు చేయి కలిపి, సమీక్షలో కూర్చోబెట్టి, ప్రశ్నలు వేయిస్తారు.

“ఆటలో మనం చెయ్యి పెట్టకూడదు,” అన్నారాయన మెత్తగా. “పన్నెండేళ్లలో మీరు టైపు చేసిన కాగితంలో అక్షరం అటూ ఇటూ కాలేదు. ఆ నమ్మకంతోనే పిల్లలు చదవకుండా సంతకాలు పెడుతున్నారు. సమన్వయమంటే అదేనమ్మా.”

ఆమె తిరిగి వచ్చి టైపు చేయడానికి కూర్చుంది. పదమూడు అంశాలూ ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి. పద్నాలుగోది పూర్తి చేసి, చివరి చుక్క పెట్టబోయి ఆగింది. ముసలామె ఇటు చూడలేదు. గోడ వైపు చూస్తూ మూట సర్దుకుంటోంది. ఆమె మూడు మాటలు కలిపింది: ఆ ఊరివాళ్లు ఒప్పుకుంటేనే.

ఐదింటికి పొడుగమ్మాయీ, గడ్డమాయనా సంతకాలు పెట్టారు. ఇద్దరూ చదవలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. వదిన కాఫీలు పంపింది. ఆమె గదికి వచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది. ఆ రాత్రి చాలా కాలానికి హాయిగా నిద్ర పట్టింది. నిద్రలో పిల్ల పేరు పలికానేమోనని పొద్దున లేచి భర్త మొహం చూసింది. ఆయన కొత్త బొత్తాం చూసుకుని మురిసిపోతున్నాడు.

ఎనిమిదింటికి ఆఫీసు తాళం తీద్దామని వెళ్తే, వరండా మొదట్లోనే తుడిచే ఆయన ఎదురయ్యాడు.

“మీ కోసమేనటమ్మా. తెల్లవారినప్పటి నుంచీ ఉన్నారు. ఎంత తుడిచినా నేల ఆరడం లేదు.”

వరండాకు రెండు వైపులా గోడల వెంట మనుషులు బారులు తీరి కూర్చున్నారు. గుడారం గుడ్డలు కప్పుకున్న ఆడవాళ్లు, గిన్నెలు మోకాళ్ల మధ్య పెట్టుకున్న మగవాళ్లు. అందరి బట్టలూ రొమ్ముల దాకా తడిసి ఉన్నాయి. దగ్గర దగ్గరగానే కూర్చున్నారు గాని, అక్కడక్కడ ఒక మనిషి పట్టేంత చోటు వదిలారు. ఆ చోట్లలోకి ఎవరూ జరగడం లేదు.

ఒకాయన లేచి నిలబడ్డాడు. అతని మాట గౌరవంగానే ఉంది.

“నిన్నటి కాగితంలో మెరక మాకన్నారమ్మా. రాత్రి వాన పట్టుకుంది, నది లేచింది. సామాన్లు నెత్తిన పెట్టుకుని మెరకకు పోయాం. ఊరివాళ్లు ఒప్పుకుంటేనే అని చివర్లో ఉందట. ఒప్పుకోలేదు.”

“ఎవరూ ఒప్పుకోలేదా?”

“పెద్దవాళ్లు మెత్తబడ్డారు. ఒక ఇంట్లో చోటు కూడా చూశారు. తొమ్మిదో ఇంటి పిల్ల వచ్చి దారికి అడ్డం నిలబడింది. చేతిలో ఆ కాగితం ఉంది. ఒప్పుకునేది లేదు, మా అమ్మ రాసింది అంది. దాంతో పెద్దవాళ్లూ వెనక్కి తగ్గారు. మేం కింద నీళ్లలో నిలబడి తెల్లారేదాకా బతిమాలాం.”

తుడిచే ఆయన ఆమెనే చూస్తున్నాడు. వరండాలో అందరూ ఆమెనే చూస్తున్నారు. గోడ వెంట వదిలిన చోట్లు ఆమెకు కనిపిస్తున్నాయి. కుడివైపు ఆరు వరకూ కళ్లు వాటంతటవే లెక్కపెట్టి, అక్కడ ఆగిపోయాయి. ఎంతమంది కొట్టుకుపోయారని అడగాలి. అడగవలసింది అదేనని ఆమెకు తెలుసు.

“ఎంత ఎత్తుంది?” అంది.

అతను అర్థం కానట్టు చూశాడు.

“ఆ పిల్ల. ఎంత ఎత్తు ఉంటుంది?”

అతను కాసేపు ఆమె మొహంలోకి చూసి, అరచేయి అడ్డంగా తన రొమ్ము దగ్గర పెట్టి చూపించాడు. చొక్కా మీద నీటి గీత సరిగ్గా అక్కడే ఉంది.