ఎడమవైపు కుళాయి

మేనత్త బాత్రూం గోడ చెమ్మగిల్లి, గీజరు నీళ్లు గోరువెచ్చగా కూడా రావడం మానేసినప్పటినుంచి మేనకోడలికి కంటిమీద కునుకు లేదు. ప్లంబర్లు దొరక్క కాదు, వీధికొకడున్నాడు. నమ్మదగినవాడు కావాలి. అత్తకు చూపు పోయి చాలా కాలమైంది. ఒంటరిగా ఉంటుంది. అలాంటి ఇంట్లోకి ముక్కూ మొహం తెలియని మనిషిని పంపడమంటే తాళంచెవి వాడి చేతిలో పెట్టి దండం పెట్టడమే.

మేనకోడలు అసలే అనుమానం మనిషి. కూరలు కొంటే తక్కెడ ముల్లు వంక తప్ప వంకాయల వంక చూడదు. ఇక ఈ పనికి ఊరంతా జల్లెడ పట్టింది. అడిగినచోటల్లా ఎవరో ఒకరు మోసం కథ ఒకటి వినిపించారు. పాత పైపుకే రంగు పూసి కొత్తదన్నవాడొకడు, కుళాయి బిగించి గొలుసు పట్టుకుపోయినవాడొకడు. చివరికి ఆఫీసులో ఒకావిడ తన ప్లంబరు సంగతి చెప్పింది. మేనకోడలు అతను పనిచేసిన ఇళ్లకు వెళ్లి మరీ ఆరా తీసింది. మనిషి మెతక, చెయ్యి శుభ్రం అన్నారందరూ.

ఇంత పట్టుదలకు కారణం ఆమె అన్నయ్య. అతను అప్పటికే వృద్ధాశ్రమంలో అత్తకు మంచం మాట్లాడిపెట్టాడు. "ఏ చిన్న ప్రమాదం జరిగినా నేనెవరి మాటా వినను. రేపు ఆవిడకేదైనా అయితే జనం మన మొహాన ఉమ్మేస్తారు," అన్నాడు. ఆశ్రమం పేరెత్తితే అత్తకు ముద్ద దిగదు. ఈ రెండు గదుల్లో ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరుగుతుంది. గడప, గూడు, పొయ్యి మీట, పంచదార డబ్బా, అన్నీ ఆమె వేళ్లకు కంఠతా వచ్చు. ఆమె వీధిలోనే గుడ్డిది, ఇంట్లో కాదు.

ప్లంబరు వచ్చే ముందురోజు మేనకోడలు అత్తను కూర్చోబెట్టి తర్ఫీదు ఇచ్చింది.

"నీకు కనబడదని అతనికి తెలియకూడదత్తా. ఎంత మంచివాడైనా, చూసేవాళ్లు లేరని తెలిస్తే బుద్ధి గడ్డి తింటుంది. మాట ఎటునుంచి వస్తే అటు మొహం తిప్పు. ఏదైనా చూపిస్తే, చూశాను, బాగుంది అను."

"అద్దం ముందు నుంచుని జుట్టు కూడా సర్దుకోనా ఏంటే?" అని అత్త పకపకా నవ్వింది.

అతను చెప్పిన వేళకే వచ్చాడు. గీజరు విప్పి పేరుకున్న సున్నం గీకాడు, కాలిపోయిన కాయిల్ మార్చాడు, గోడ కొట్టి తుప్పు పట్టిన పైపులు పీకి కొత్తవి వేశాడు. మేనకోడలు పడకగదిలో బీరువాకు ఎదురుగా కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. బాత్రూంలో ఎత్తుకుపోవడానికి సబ్బుబిళ్ల తప్ప ఏముంది! అక్కడ ఏం జరుగుతోందో ఒక్కసారి కూడా తొంగిచూడలేదు.

పనయ్యాక అతను అత్తను బాత్రూం గుమ్మం దగ్గరికి పిలిచాడు.

"ఇదివరకటివాడు అడ్డదిడ్డంగా కలిపాడు పెద్దమ్మా. గోడ ఎలాగూ తెరిచాం కదా అని సరిచేశా. ఇదిగోండి, వేడిది ఇది, చల్లది ఇది. ఎర్ర గుర్తూ నీలం గుర్తూ కూడా పెట్టా. చూసుకున్నారా?"

ఏది నాయనా అని అడగాలని ఆమెకు నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే నాటకం బయటపడుతుంది. పైపుల సంగతేదో చెబుతున్నాడులే అనుకుంది.

"చూశాను నాయనా, ముచ్చటగా ఉన్నాయి."

అతను వెళ్లాక అత్త చిన్నపిల్లలా మురిసిపోయింది. "ఎలా చేశానే?" అంటే, "అదరగొట్టావు!" అంది మేనకోడలు. అప్పటికప్పుడు అన్నయ్యకు ఫోన్ చేసి గొప్పలు పోయింది కూడా.

మర్నాడు పొద్దున అత్త స్నానానికి వెళ్లింది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజునుంచీ ఎడమది చల్లది, కుడిది వేడిది. ఎప్పటిలాగే ఎడమది సగం తిప్పి షవరు కింద నిలబడింది. పైపులో నిలవున్న నీళ్లు చల్లగానే వచ్చాయి. కుడిది కాస్త తిప్పింది. ఉన్నట్టుండి నీళ్లు పొగలు కక్కాయి. వేడి ఎక్కువైందనుకుని కుడిది కట్టేసింది. దాంతో ఉన్న కాసిని చన్నీళ్లూ ఆగిపోయాయి. ఒక చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో ఆ మరిగే ధారలోంచే ఎడమ కుళాయి తడుముకుని, చన్నీళ్లు చాలడంలేదని దాన్ని పూర్తిగా తిప్పింది. తలుపు దొరికేసరికి భుజాలూ రెండు చేతులూ ఉడికిపోయాయి.

ఫోన్ ఎత్తడం లేదని పరుగెత్తుకొచ్చిన మేనకోడలికి ఆమె గడప మీద కనిపించింది.

"చర్మం వస్తుందమ్మా. వేళ్లకు స్పర్శ వస్తుందో రాదో మాత్రం చెప్పలేను," అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. అన్నయ్య తిడతాడనుకుంది మేనకోడలు. అతను వరండాలోకి వెళ్లి ఆశ్రమానికి ఫోన్ చేశాడు.

ఆసుపత్రి నుంచి అత్తను ఒక్కపూట ఇంటికి తీసుకొచ్చారు, సామాను సర్దడానికి. ఆమె కట్లు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. నడవబోతే మోచేత్తో గోడను వెతుక్కుంటోంది. సంగతి తెలిసి ప్లంబరు పరుగున వచ్చాడు.

"ఒక్క మాట చెప్పుంటే చెయ్యి పట్టుకుని చూపించేవాణ్ణి కదా పెద్దమ్మా," అన్నాడు.

మేనకోడలు "తప్పు నాదండీ, నేనే చెప్పొద్దన్నాను," అంది. ఇంత వెతికి తెచ్చుకున్న మనిషిని తానే నమ్మలేదని తలుచుకుంటే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అతను సంచీ కింద పెట్టాడు. "ఇప్పుడే మళ్లీ పాత పద్ధతిలోకి, ఎడమది చల్లదిగా మార్చేస్తా. ఎంతసేపు!"

అత్త అతని గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది, నేర్పినట్టే.

"వద్దు నాయనా, నువ్వు సరిగ్గానే పెట్టావు. ఇకమీదట ఇక్కడుండేవాళ్లకి కళ్లుంటాయిలే."