నలభై లక్షల మంది విన్న ఏడుపు

బస్సులో మా అవ్వ ఏడుపు వినబడింది. మా అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. ఆమేమో నా పక్కనే కిటికీ దగ్గర కూర్చుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, రోడ్డు పక్కన ఆరబోసిన వడ్లు చూస్తోంది. ఆమె ఏడవడం లేదు.

ఏడుపు వచ్చింది ముందు సీటులోంచి. ఇద్దరు కాలేజీ పిల్లలు ఒకే ఫోనులోకి తలలు పెట్టి కిలకిలా నవ్వుతున్నారు. తెర మీద ఒకడు స్టార్టు కాని బండిని కిక్కు కొట్టీ కొట్టీ, చివరికి దాని మీద పడి గుండెలు బాదుకుంటున్నాడు. వెనకనుంచి అవ్వ గొంతు. "చాయ సల్లారవట్టె... ఇంక లేవవైతివి నా రాజా..." పిల్ల వేలితో పైకి నెట్టింది. క్లాసులో గురక పెట్టేవాణ్ని లేపుతూ ఇంకొకడు. అదే గొంతు, అదే మాట. మళ్లీ నెట్టింది. ఈసారి సోఫా మీద కాళ్లు చాపి పడుకున్న కుక్క.

అది మా నాన్న శవం మీద పడి అవ్వ ఏడ్చిన ఏడుపు. అప్పటికి బాపు పోయి రెండు నెలలు.

బాపు పేరు కైలాసం. చొప్పదండిలో నలభై ఏళ్లు సాంచెలు నడిపాడు. సాంచెలంటే మరమగ్గాలు. ఆ చప్పుడుకు చెవులు పూర్తిగా పోయాయి. ఆ రోజు రాత్రి పని చేసి పొద్దున ఆరింటికి ఇంటికొచ్చాడు. మంచం మీద నడుం వాల్చి, చాయ పెట్టమని చేత్తో సైగ చేశాడు. అవ్వ గ్లాసుతో వచ్చి పిలిచింది. వినబడని మనిషి పలకకపోతే ఎవరికి అనుమానం వస్తుంది? భుజం తట్టింది. మళ్లీ తట్టింది. ఆ తర్వాత అదే గ్లాసు చేతిలో పట్టుకుని గంటసేపు ఏడ్చింది. మేమెవ్వరం దాన్ని ఆమె చేతిలోంచి తీసుకోలేకపోయాం.

మా దగ్గర ఆడవాళ్లు ఊరికే ఏడవరు, శోకం పెట్టి ఏడుస్తారు. పోయిన మనిషి ఏం ఆశపడ్డాడు, ఏది దక్కకుండా పోయాడు, ఎవరు ఆదుకున్నారు, ఎవరు ముఖం చాటేశారు, అన్నీ రాగంలో పెట్టి చెబుతారు. బతికినన్నాళ్లు నోరెత్తని కోడలు కూడా శవం ముందు అందరినీ కడిగేస్తుంది. శోకంలో అన్న మాటకు ఎవరూ ఎదురు చెప్పరు, తర్వాత గుర్తు పెట్టుకుని దెప్పరు. మా సందులో అంత నిక్కచ్చిగా ఏడ్చేది మా అవ్వే. ఎవరింట్లో చావైనా "కమలవ్వ వచ్చిందా?" అని ముందు అడిగేవాళ్లు. ఆమె వచ్చేదాకా పాడె లేచేది కాదు.

బస్సులో నా ఒళ్లు మండిపోయింది. ఆ పిల్లల చేతిలోంచి ఫోను లాక్కుని కిటికీలోంచి విసిరేద్దామనుకున్నాను. లేవబోతుంటే అవ్వ నా మోచెయ్యి పట్టుకుంది.

"బస్సు ఆపుమను. దిగుదాం."

పింఛను కాగితాల కోసం కరీంనగర్ పోతున్నవాళ్లం, సగం దారిలో దిగిపోయాం. ఎండలో నిలబడి అవ్వ ఒక్కటే అడిగింది.

"గది నా గొంతే గదా?"

"అవునవ్వా."

"ఎవలు తీసిన్రే?"

"ఎవడో తీసిండు. సచ్చినోడు ఎవడైనా సరే, వాని సంగతి నేను చూస్త."

నేను కూడా తీశాను. మా చెల్లె నర్మద భివండీలో ఉంటుంది, అప్పుడు పురిట్లో ఉంది. కన్నతండ్రి ఆఖరి చూపుకు రాలేకపోయింది కదా అని తీసి పంపాను. కానీ ఆ రోజు మా వాకిట్లో లేచిన ఫోన్లు ఒకటా రెండా? లెక్కకు పది ఉంటాయి. వాళ్లలో ఎవడో చేసి ఉంటాడనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు. ఆలోచన రాలేదా, నేనే రానివ్వలేదా అంటే ఇప్పుడు చెప్పలేను.

నాకు చొప్పదండి బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు ఉంది. ఆధార్లు, దరఖాస్తులు, హాల్ టికెట్లు అన్నీ చేస్తాను. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని రోజుకు యాభై మందికి చెప్పే నోరు నాది. రెండు రోజులు షాపు పని పక్కన పెట్టి వెతికితే ఆ వీడియో పుట్టిల్లు దొరికింది. "జర గిది చూడుండ్రి" అని ఒక పేజీ. నెట్టింట్లో దొరికిన వింతలు, విశేషాలు ఏరి వారం వారం పెడతాడట. అడ్వర్టయిజ్‌మెంట్ల కోసం కింద ఫోన్ నంబరు ఉంది. షాపు ప్రకటన ఇవ్వాలని ఫోన్ చేస్తే, అడ్రసు తియ్యగా చెప్పాడు.

కరీంనగర్‌లో మూడో అంతస్తు గది. పేరు సంపత్. ఇరవై ఆరేళ్లుంటాయి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. ఆ మర్యాదకు నా కోపం ఇంకా పెరిగింది.

"కమలవ్వ బిడ్డను నేను. చాయ సల్లారవట్టె అని పెట్టినవ్ గదా, ఆమె బిడ్డను."

వాడు భయపడతాడనుకున్నాను. వాడి ముఖం వెలిగిపోయింది.

"అక్కా! నిజంగనా? ఎవలీమె అని మస్తు మంది అడుగుతున్నరు అక్కా. నలభై లక్షల వ్యూసు!"

"సిగ్గు లేదారా నీకు? మా బాపు సచ్చిపోతె మా అవ్వ ఏడ్సిన ఏడుపది."

"అక్కా, జర ఇనుండ్రి. నేను నవ్వులాటకు పెట్టలే. గిది మన సంస్కృతి అక్కా. గందుకే పెట్టిన. ఆ తర్వాత పోరగాండ్లు రీల్సు చేసిన్రు, దానికి నేనేం జేస్త?"

ఆ వారం వాడు పెట్టిన వింతల జాబితా చూపించాడు. ఒకటో నంబరు, జపాన్‌లో ముసలివాళ్లకు అన్నం తినిపించే మర. రెండో నంబరు, ఎక్కడిదో చెప్పులు ఎత్తుకెళ్లే కోతి. మూడో నంబరు మా అవ్వ. కోతి తర్వాత మా అవ్వ.

వాడు అక్కడితో ఆగినా బాగుండేది. గర్వంగా ఇంకోటి తెరిచాడు. ఎవరో విదేశీయులు నడిపే పేజీలోనూ అవ్వ ఏడుపు ఎక్కిందట. దానికి వెనక వీణో ఏదో కలిపి, గాలి చప్పుడు కలిపి, అపురూపమైన జానపద గీతం, గాయని పేరు తెలియదు అని రాశారు. కింద వందల మంది మెచ్చుకున్నారు. మనసు ప్రశాంతంగా ఉందన్నాడొకడు. రోజూ ఇది విని నిద్రపోతున్నానని ఒకావిడ రాసింది. నవ్వినవాళ్ల మీద కంటే వీళ్ల మీద నాకు ఎక్కువ మండింది. నవ్వినవాళ్లకు కనీసం అది ఎవరిదో ఏడుపని తెలుసు. వీళ్లు మా అవ్వ దుఃఖాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నారు.

"మీ అవ్వ సచ్చినప్పుడు గూడ గిట్లనే పెడ్తవారా?" అని అరిచాను. కింది అంతస్తు వాళ్లు మెట్ల మీదికి వచ్చారు.

సంపత్ ముఖం మాడిపోయింది. లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నేను తీసేస్త అక్కా. గిప్పుడే తీసేస్త. కని నేను దొంగతనం చెయ్యలే. ఒకాయన నాకు పంపిండు. ఎవలో స్టేటస్ పెట్టుకుంటె దించిండట. పైన ఉన్న పేరు నేనే కత్తిరించిన, మీకు పరేషాన్ గావద్దని."

"ఎవల పేరు?"

వాడు కత్తిరించకముందు వీడియో తీసి నా ముందు పెట్టాడు. పైన గుండ్రంగా నా షాపు బోర్డు ఫోటో. పక్కన అక్షరాలు. మమతారాణి జిరాక్స్ అండ్ ఆన్‌లైన్ సెంటర్. కింద నేను రాసుకున్న మాట, మిస్ యూ బాపు. దాని పక్కన పగిలిన గుండె బొమ్మ.

షాపు ఫోను అది. అందులో మూడు వేల మంది నంబర్లున్నాయి. దరఖాస్తులు పెట్టుకున్నవాళ్లు, ఫోటోలు దిగినవాళ్లు, ముక్కూ మొహం తెలియనివాళ్లు. ఆ రోజు సాయంత్రం శ్మశానం నుంచి వచ్చి స్నానం చేసి, తడి జుట్టుతోనే కూర్చుని ముప్పై సెకన్ల ముక్క కోసి స్టేటస్ పెట్టాను. మా బాపు ఎంత మంచివాడో నలుగురికి తెలియాలనుకున్నాను. ఎంతమంది చూశారో రాత్రి లెక్క కూడా చూసుకున్నాను. ఎనిమిది వందల పన్నెండు మంది. ఆ అంకె చూసి నాకు కొంచెం బాగనిపించింది కూడా. ఆ సంగతి ఇప్పుడు రాస్తుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనుంది.

ఇంటికొచ్చాక అవ్వ అడిగింది. "దొరికిండా?"

"దొరికిండు. పిచ్చ తిట్లు తిట్టిన. తీసేసిండు."

"వానికి ఎట్ల దొరికిందట?"

"ఏమో. ఎవడో తీసి పంపిండట."

అవ్వ నా వైపు కాసేపు చూసి, బియ్యం ఏరుకోవడంలో పడింది.

సంపత్ తీసేసినా అది పోలేదు. అప్పటికే వేల మంది దించుకున్నారు. అవ్వ మాత్రం మానేసింది. మూడో మాసికానికి చుట్టాలొచ్చి, బాపు ఫోటో ముందు ఆమె ఎప్పుడు మొదలుపెడుతుందా అని ఎదురుచూశారు. ఆమె ఇస్తరాకులు వేసి, అన్నం వడ్డించి, లోపలికి పోయింది. కిరాణా కొట్టుకు పోతే పిల్లలు "చాయ కమలవ్వ" అని గుసగుసలాడారు. అప్పటినుంచి కొట్టుకు కూడా పోలేదు.

ఎదురింటి సత్తమ్మకు ఇది నచ్చలేదు. ముప్పై ఏళ్లు ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని సాంచెలకు నూలు కండెలు చుట్టారు. దూది దుమ్ముకు సత్తమ్మ ఊపిరితిత్తులు పాడై మంచం పట్టింది. ఒక్కడే కొడుకు, హనుమండ్లు. ఆడపిల్లలు లేరు. ఒకరోజు అవ్వ చెయ్యి పట్టుకుని, ఆయాసపడుతూ అంది.

"కమలా, నాకు ఏడ్సేటందుకు బిడ్డల్లేరు. నా బతుకు నీకొక్కదానికే ఎరుక. నేను పోయిన్నాడు నువ్వు నోరు మూసుకుంటె, నేను నోరు మూసుకొని బతికిన బతుకంత అట్లనే కాలిపోతదే. ఏడుస్తనని మాటియ్యి."

అవ్వ మాటిచ్చింది. ఎలా ఏడుస్తుందో నాకు తెలియలేదు. అలా ఏడవలేకుండా చేసింది నేనని మాత్రం తెలుసు.

ఇరవై రోజులకు సత్తమ్మ పోయింది. పొద్దున ఎనిమిదింటికి వాకిట్లో పడుకోబెట్టారు. సందంతా నిండింది. మూలన పొయ్యి పెట్టి వచ్చినవాళ్లకు చాయ కాస్తున్నారు. అవ్వ మా గడప దాటి అటు నడవగానే ఎవడో అన్నాడు, "చాయ కమలవ్వ వస్తుంది, తియ్యి తియ్యి." ఒకటి, రెండు, అయిదు ఫోన్లు పైకి లేచాయి. అవ్వ వెళ్లి సత్తమ్మ తల దగ్గర కూర్చుంది. నుదుటి మీద చెయ్యి వేసింది. నోరు తెరిచింది. చుట్టూ చూసింది. నోరు మూసుకుని, లేచి గోడ పక్కకు వెళ్లి నిలబడింది.

అప్పుడు నాకు ఏమైందో నాకే తెలియదు. సత్తమ్మ ఇంటి చూరు కింద చాట ఉంది. దాన్ని తీసుకుని వాకిలి మధ్యలో నిలబడ్డాను.

"ఫోన్లు ఇండ్ల వెయ్యుండ్రి. ఒక్కొక్కలు వచ్చి వెయ్యుండ్రి."

ఎవరూ కదల్లేదు. హనుమండ్లు ఎర్రబడ్డ కళ్లతో లేచాడు. "ఏందక్కా గిది? సూరత్‌ల ఉన్న మావోళ్లకు చూపియ్యద్దా?"

"చూపియ్యద్దు. రావాల్నని ఉంటె బస్సెక్కి రమ్మను. మీ అవ్వ సచ్చిపోయిందిరా! చూస్తవా, తీస్తవా? ఎవడన్న ఫోను లేపిండంటె దాన్ని గా చాయ పొయ్యిల వేస్త. ఎవడో ఎందుకు, నువ్వే మొదలెయ్యి."

నా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు. హనుమండ్లు నన్ను, తల్లి ముఖాన్ని మార్చి మార్చి చూశాడు. జేబులోంచి ఫోను తీసి చాటలో వేశాడు. ఆ తర్వాత మిగతావాళ్లు వచ్చారు. కొందరు సణుగుతూ, కొందరు తల దించుకుని. బియ్యంలో రాళ్లు ఏరే చాట ఫోన్లతో బరువెక్కి నా చేతులు లాగాయి. దాన్ని తీసుకెళ్లి గోడ దగ్గర అవ్వ కాళ్ల ముందు పెట్టాను.

"ఇగ ఎవ్వల దగ్గర లేదవ్వా. ఏడువు."

అవ్వ చాటలోకి చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"నీదేదే?"

నా ఫోను నా జాకెట్లోనే ఉంది. తీయడానికి కాదు, నిజంగా తీయడానికి కాదు. అలవాటుగా అక్కడే ఉండిపోయింది.

"బాపు పోయిన్నాడే నర్మద ఫోన్ల చెప్పింది," అంది అవ్వ, నాకొక్కదానికే వినబడేంత మెల్లగా. "అక్క స్టేటస్ పెట్టింది, చూసి ఏడ్సిన అని. బస్సుల విన్ననాడే నాకు ఎరుకైంది. నువ్వు చెప్తవేమో అని గిన్ని దినాలు చూసిన బిడ్డా."

అందరి ముందు చాటతో అరిచిన నోరు నాది. ఫోను తీసి, హనుమండ్లు ఫోను పక్కన పెట్టాను. అవ్వ చాటను కాలితో గోడ వైపు జరిపి, వెళ్లి సత్తమ్మ తల దగ్గర కూర్చుని, రెండు చేతులతో ఆ ముఖం పట్టుకుని మొదలుపెట్టింది.

గంటకు పైగా ఏడ్చింది. హనుమండ్లు నేల మీద కూలబడి విన్నాడు. సందులో ఎవరూ కదల్లేదు. అవ్వ ఏమేం ఏడ్చిందో నాకు మాటమాటకూ గుర్తుంది. ఇక్కడ రాయను. అక్కడ ఉన్నవాళ్లం విన్నాం, చాలు.