గోతిలో గుప్పెడు ఉప్పు

టెక్కలిలో నన్ను మించిన ప్లీడరు లేడని చాలామంది అనుకుంటారు. చాలామంది అంటే నేనూ, మా అత్తగారూ.

మద్రాసులో కుట్టించుకున్న నల్లకోటు ఒకటి నాకుంది. ఎండాకాలంలో కూడా దాన్ని విప్పను. విప్పితే లోపల ఏమీ లేదని జనానికి తెలిసిపోతుందని భయం. సోములు భార్య రత్నాలమ్మ ఆ కోటు చూసే నా గుమ్మంలో కూలబడిందనుకుని మురిసిపోయాను. మిగతా ప్లీడర్లందరూ ఆ కేసు వద్దన్నాకే నా దగ్గరికి వచ్చిందని తరవాత తెలిసింది.

సోములుది వజ్రపుకొత్తూరు పక్క ఊరు. కొబ్బరి మొక్కలు నాటడంలో ఉద్దానం అంతటా పేరున్నవాడు. కొండల అవతల ఒక సంస్థానం ఉంది. పేరు చెబితే అక్కడి రాజావారికి కోపం వస్తుంది. ఆ కోపం ఎలాంటిదో మీకే తెలుస్తుంది. ఆయనకు కోటతోటలో కొబ్బరిచెట్లు ఉండాలని సరదా పుట్టి సోములును పిలిపించారు. సోములు వెళ్లి గోతులు తవ్వి, ఒక్కో గోతిలో గుప్పెడు నౌపడ ఉప్పు వేసి, మొక్కలు నాటాడు. ఉప్పు వెయ్యకుండా కొబ్బరి మొక్క నాటడం ఉద్దానంలో ఎవరికీ తెలియదు.

ఆ కొండల్లో మాత్రం ఒకరి నేలలో మరొకరు ఉప్పు పాతితే వంశం ఎండిపోవాలని చేతబడి చేసినట్టు లెక్క. నాట్లయిన కొద్దిరోజులకే యువరాజుకు జ్వరం వచ్చింది. ఎవరో గొయ్యి తవ్వి ఉప్పు చూపించారు. సోములు పంచె ఎగగట్టి కొండలు దిగి ఇల్లు చేరాడు. వెనకాలే వారంటు వచ్చింది. చేతబడి అని రాస్తే తెల్లవాళ్లు ఒప్పుకోరని కాబోలు, యువరాజును విషం పెట్టి చంపబోయాడని నేరం రాశారు. వారంటు అడుగున, సంస్థానాలను చూసుకునే తెల్లదొర సంతకం. మన పోలీసులు సోములును పట్టుకుని కూర్చోబెట్టారు. నౌపడలో చిన్న రైలెక్కించి తీసుకుపోవడానికి సంస్థానం పోలీసు ఠాణేదారు గొలుసులతో సహా దిగాడు.

"అక్కడికెల్తే మనిసి మరి తిరిగి రాడు బాబూ," అంది రత్నాలమ్మ. "పిరియాదు సేసినోడు రాజే, తీర్పు సెప్పేదీ రాజే. మావోడి మాట ఎవుడింటాడు?"

ఈ పాయింటు బాగుంది, ఇంగ్లీషు అర్జీలో పెడితే ఇంకా బాగుంటుంది అనుకున్నాను. పెట్టాను. ఎంత బాగా పెట్టానంటే అందులో ఆ పాయింటు ఎక్కడుందో నాకే కనబడలేదు.

మేజిస్ట్రేటు దొర టెక్కలి బంగళాలో మకాం వేసి ఉన్నాడు. వరండాలోనే కచేరీ. సోములు ఒక మూల, ఠాణేదారు మరో మూల. నేను కోటు సర్దుకుని మొదలుపెట్టాను. మానవ స్వేచ్ఛ అన్నాను. ఇంగ్లండు చరిత్ర అన్నాను. కొబ్బరికి ఉప్పు చేసే మేలు గురించి, జీవితంలో ఒక్క మొక్క నాటకపోయినా, చాలాసేపు చెప్పాను. దొర జేబుగడియారం తీసి బల్లమీద పెట్టుకున్నాడు.

"పంతులు గారూ," అన్నాడు చివరికి, "ఇతను నేరం చేశాడా లేదా అన్నది నా పని కాదు. అది అక్కడి కోర్టు విచారించి తేలుస్తుంది. వారంటు సరిగ్గానే ఉంది. ఇంకేమైనా ఉందా?"

ఉంది. ఇంకా సగం ఉపన్యాసం ఉంది. అది ఆ క్షణాన నా బుర్రలోంచి ఎగిరిపోయింది. రత్నాలమ్మ మెట్లమీద నుంచి నావైపే చూస్తోంది. నేను నోరు మూసుకుంటే ఆమె మొగుణ్ణి తీసుకుపోతారు. ఏదో ఒకటి మాట్లాడాలి గనక ఠాణేదారు వైపు తిరిగి, చుట్టాన్ని పలకరించినట్టు తెలుగులో అడిగాను.

"మొక్కలు బతికాయా?"

"బతికాయండి. కొత్త మొవ్వులు వేశాయి," అన్నాడు ఠాణేదారు. మర్యాదస్థుడు.

"యువరాజుగారు?"

"ఆయనకూ తగ్గిపోయింది. గుర్రమెక్కుతున్నారు."

"సంతోషం. మరి విచారణ ఎప్పుడు?"

ఠాణేదారు నన్ను జాలిగా చూశాడు. "విచారణ ఎప్పుడో అయిపోయింది కదండీ. కుడిచెయ్యి తీసెయ్యమని రాజావారు తీర్పు కూడా చెప్పారు. ఇక చెయ్యి ఒక్కటే రావాలి."

దొర తెలుగు పరీక్ష పాసైనవాడు. గడియారం జేబులో పెట్టేసుకున్నాడు. "మళ్లీ చెప్పు," అన్నాడు. తన మాట దొరగారికి నచ్చిందనుకుని ఠాణేదారు ఇంకా గట్టిగా, ఇంకా వివరంగా చెప్పాడు. చెయ్యి తీసే మనిషి పేరుతో సహా చెప్పాడు.

సోములును అప్పగించకుండా ఆపి, దొర మద్రాసు గవర్నమెంటుకు రాశాడు. అప్పగించనక్కర్లేదని అక్కడి నుంచి ఉత్తర్వు వచ్చింది. బజారులో నన్ను చూసి, "ఏం క్రాసు చేశాడయ్యా వైకుంఠరావు పంతులు!" అని చెప్పుకునేవారు. నేను కాదనలేదు. ఊరికే నవ్వి, కాస్త నెమ్మదిగా నడిచేవాణ్ణి, ఇంకో నలుగురు చూస్తారని.

నిన్న మధ్యాహ్నం సోములు, రత్నాలమ్మ రెండు కొబ్బరి మొక్కలు మోసుకుని మా ఇంటికి వచ్చారు. "మీ పెరట్లో నానే ఏస్తాను బాబూ. నా సేతి సలవ మీకు దక్కాల," అన్నాడు సోములు. ఆ పొద్దుటి నుంచే మా పాపకు ఒళ్లు కాలిపోతోంది. మా ఆవిడ గౌరీశ్వరి తడిగుడ్డ వేస్తూ లోపల కూర్చుని ఉంది. సోములు గొయ్యి తవ్వాడు. కండువా చెంగు ముడి విప్పి గుప్పెడు ఉప్పు తీశాడు.

"ఆగు!" అన్నాను.

"ఏటి బాబూ?"

"ఉప్పు వద్దులే. పాపకి జ్వరంగా ఉంది."

అతని చెయ్యి గోతిమీద అలాగే ఆగిపోయింది. కుడిచెయ్యి. రత్నాలమ్మ నీళ్ల బిందె కింద పెట్టేసింది.

"జొరం ఎప్పుడొచ్చినాది బాబూ పాపకి?" అని మెల్లిగా అడిగాడు సోములు.

"పొద్దున్న."

"నానొచ్చినాది ఇప్పుడే గదా బాబూ."

నా పెరట్లో నిలబడి నాకే సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. కోర్టు నుంచి అప్పుడే వచ్చానేమో, నా ఒంటిమీద నల్లకోటు అలాగే ఉంది. ఫిర్యాదీ నేనే, జడ్జీనీ నేనే. ఈసారి సోములుకు ప్లీడరు కూడా లేడు. సిగ్గేసింది.

కోటు విప్పి దండెం మీద పడేసి, అరచెయ్యి చాపాను. ఉప్పు చేతికి చేతికి ఇవ్వకూడదంటారు. సరిగ్గా అప్పుడే అదీ గుర్తొచ్చింది. అయినా పోయించుకుని నేనే గోతిలో వేశాను. వేస్తున్నంతసేపూ భయపడుతూనే ఉన్నాను.