అపస్వరాల డబ్బా

ఆర్కెస్ట్రా పీరియడ్ అయిపోవడానికి ఐదు నిమిషాల ముందు ప్రూయిట్ టీచర్ చీపుర్లు పంచేది. బెల్ క్రీక్ మిడిల్ స్కూల్లో తీగవాద్యాలు నేర్పడం మొదలైన నాటి నుంచీ అదే పద్ధతి. ఎవరి కుర్చీ కింద రాలిన అపస్వరాలు వాళ్ళే ఊడ్చుకోవాలి. వయొలిన్లవి గసగసాలంత ఉంటాయి. వయోలా అంటే వయొలిన్‌కి అన్నగారు, కాబట్టి దానివి ఆవగింజలంత. కూర్చుని మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయించే చెల్లోలవి మినప్పప్పంత. నిలబడి బేస్ వాయించే డ్వేన్‌వి ఏకంగా శనగలే, అందుకని వాడికి చీపురుతో పాటు చేట కూడా ఇచ్చేవారు. ఊడవకుండా వదిలేస్తే ఏదో ఒక బూటు కింద నలిగి, పుట్టినప్పటి కూత మళ్ళీ ఒకసారి కూసి పొడైపోతాయి. పక్క గది లెక్కల మాస్టారు ఈ గోల భరించలేక ప్రిన్సిపాల్‌కి రెండుసార్లు కాగితం పెట్టాడు.

కొరీన్ సెద్లాచెక్ ఆ ఏడు ఏడో తరగతి. వయోలాల్లో మూడో కుర్చీ. గది మొత్తం మీద ఎక్కువ ఊడ్చేది ఆ పిల్లే. సాధన చెయ్యక కాదు, రోజూ ఇంటి దగ్గర గంటసేపు చేస్తుంది. వేళ్ళు ఎక్కడ పెట్టాలో గుర్తుకి అంటించిన రంగు టేపులు అరిగి పోగులు లేచాయి. అయినా గింజలు మాత్రం జలజలా రాలుతూనే ఉండేవి. కొందరికి చెయ్యి ఆలస్యంగా తిరుగుతుంది, అంతే. కానీ పన్నెండేళ్ళ పిల్లలకి అంత ఓపికేదీ?

"ఏమే కొరీన్, ఇవాళ మీ కోళ్ళకి మేత సరిపోతుందా?" అనేది పక్క కుర్చీ బ్రిజెట్.

"మిగిలితే మీ ఇంటికీ పంపిస్తాలే, గిన్నె పట్టుకుని రా," అనేది కొరీన్.

అందరూ చెత్తబుట్టలో పోస్తే కొరీన్ మాత్రం తనవి కాగితం సంచిలోకి ఎత్తి ఇంటికి తీసుకెళ్ళేది. ఇంటి దగ్గర సాధనలో రాలినవి కూడా కలిపి, ఫ్రిజ్ మీదున్న కాఫీ డబ్బాలో పోసేది. ఆ డబ్బా వాళ్ళమ్మది.

వాళ్ళమ్మ రోండా ఊరి చివర పంది మాంసం ప్లాంటులో రెండో షిఫ్టు, శనాదివారాలు కూడా సెలవు లేదు. కూతురు బడి నుంచి వచ్చేసరికి ఆవిడ వెళ్ళిపోయి ఉంటుంది, ఆవిడ వచ్చేసరికి కూతురు నిద్రపోతూ ఉంటుంది. పిల్ల వయోలా చేతపట్టి ఏడాదిన్నర అయినా రోండా ఒక్కసారి కూడా చెవులారా వినలేదు. అందుకని పనికెళ్ళేటప్పుడు డబ్బాలోంచి చిటికెడు గింజలు ఏప్రాన్ జేబులో వేసుకునేది. భోజనాల వేళ బల్ల మీద పోసి, చెంచా వెనక్కి తిప్పి ఒక్కొక్కటే నొక్కేది.

"రోండా, మీ అమ్మాయి ఇవాళ ఏం వాయిస్తోంది?" అని ఎదుటి బల్ల వాళ్ళు అడిగేవారు.

"అదే పాట. పైకెక్కే చోట ఇంకా కిందికే పోతోంది పిచ్చిమొహంది," అనేది రోండా, ఆ పిల్లకేదో బంగారు పతకం వచ్చినట్టు.

పొద్దున పాలల్లో అటుకులు తింటున్న కూతుర్ని ఆరా తీసేది. "ఆ పెద్దది ఎక్కడిదే? దూడ అరిచినట్టు ఉంటుందీ, అది?" కొరీన్ నోటితో పాడి, ఇదిగో ఇక్కడ అని చెప్పేది. సరైన స్వరాలు రాలవు కదా, గాల్లో కలిసి పోతాయి. కూతురి సంగీతంలో రోండాకి దక్కింది తప్పులే. మిగతాది కూడా వినాలని పగటి షిఫ్టుకి మార్చమని అర్జీ పెట్టుకుంది. ఆవిడకన్నా ముందు పద్నాలుగు పేర్లున్నాయి.

ఏప్రిల్లో జిల్లా పోటీ. బృందం వాయించి లేవగానే ఇద్దరు ఆడవాళ్ళు వేదికంతా ఊడ్చి, రాలినవి ఉత్తరాల తూకంలో వేస్తారు. ఔన్సు దాటకపోతే మొదటి శ్రేణి. ప్రూయిట్ టీచర్ గదిలో పదకొండు మొదటి శ్రేణి పలకలు వరసగా వేలాడుతుంటాయి, వాటి పక్కన ఒక మేకు ఖాళీగా ఉంటుంది. కిందటేడాది వెంట్రుకవాసిలో పోయింది. ఆవిడ రోజూ ఆ మేకు కేసి చూసి గానీ పాఠం మొదలుపెట్టేది కాదు.

పోటీకి వారం ముందు ఆవిడ కొరీన్ని ఆగమంది. ఆవిడ చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే కొరీన్ తిట్టుకుని ఊరుకునేది. ఆవిడ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, చేతిలోంచి కమాను తీసుకుని, వెంట్రుకల మీది రోజిన్ పొడి గుడ్డతో తుడిచి, సింకు దగ్గర సబ్బుబిళ్ళ తెచ్చి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా మెల్లగా రాసింది. రోజిన్ రాస్తే కమాను తీగని పట్టుకుంటుంది. సబ్బు రాస్తే జారిపోతుంది, చప్పుడే రాదు.

"నేను రోజూ గంట వాయిస్తున్నాను టీచర్," అంది కొరీన్.

"తెలుసమ్మా. ఈ గదిలో నీ అంత కష్టపడేవాళ్ళు లేరు."

"మరి?"

"ఒక్క పోటీకే. చెయ్యి మాత్రం అందరితో పాటు ఆడించు. ఎవరికీ తెలీదు."

"మా అమ్మ వస్తోంది. పని మానుకుని వస్తోంది."

"ఇంకేం, ముందు వరసలో కూర్చోమను. నీ చెయ్యి ఎంత అందంగా ఆడుతుందో చూస్తుంది." ఆవిడ కమాను తిరిగిచ్చి కొరీన్ తల నిమిరింది. ఆ చేతికి సబ్బు వాసన.

పోటీ రోజున కొరీన్ కుర్చీ కింద నేల అద్దంలా ఉంది. ఊడ్చిన ఆవిడ మూడో వయోలా దగ్గర చీపురు ఆపి, "భలే పిల్లవే!" అని మెచ్చుకుంది కూడా. తూకం ముల్లు ఔన్సు దాటలేదు. మొదటి శ్రేణి. పిల్లలంతా ఎగిరి గంతులేశారు, బ్రిజెట్ కొరీన్ మెడ చుట్టూ చేతులు వేసి ముద్దు పెట్టుకుంది. కొరీన్ కూడా గెంతింది. గెంతకపోతే బాగుండదు.

తిరుగుదారిలో ధాన్యం గాదెలు దాటాక రోండా, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, "ఎక్కడున్నావే?" అంది.

"మూడో కుర్చీలో. చూడలేదా?"

"చూశాను. నువ్వు వినపళ్ళేదు."

"అంతమంది వాయిస్తుంటే ఎలా వినపడతానమ్మా?"

"రెండో పాటలో పైకెక్కే చోటు ఉందే, దూడ అరుపు. ఎన్ని నెలలుగా వింటున్నాను దాన్ని! అక్కడికొచ్చేసరికి కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, ఇప్పుడొస్తుంది ఇప్పుడొస్తుంది అని. రాలేదు."

"ఇవాళ సరిగ్గా పడిందేమో."

"సరిగ్గా పడితే నీ మొహం ఇలా ఉండదు."

కొరీన్ చెప్పేసింది. రోండా కేకలెయ్యలేదు. ట్రక్కు పక్కకి తీసి ఆపి, రెండు చేతులూ స్టీరింగ్ మీదే పెట్టుకుని కూర్చుంది.

"వెళ్ళి ఆవిణ్ణి కడిగెయ్యనా?"

"వద్దమ్మా. మొదటి శ్రేణి వచ్చిందిగా."

మర్నాడు కొరీన్ కమాను వెంట్రుకలు కడిగి, ఆరబెట్టి, రోజిన్ పట్టించి వంటింట్లో నిలబడి వాయించింది. చప్పుడు వచ్చింది, అయితే పక్క గదిలో ఎవరో వాయిస్తున్నట్టు వచ్చింది. చెయ్యి తీగ దాకా వెళ్ళి వెనక్కొస్తోంది. పైకెక్కే చోట వేలు ముందే ఆగిపోయింది. పాటంతా అయ్యాక కిందకి చూస్తే నేల మీద ఒక్క గింజ లేదు.

అలా వారం గడిచింది. డబ్బాలో మట్టం దిగిపోతోంది. రోండా చిటికెడు తీసుకునేది కాస్తా నాలుగు, తర్వాత రెండు తీసుకోవడం మొదలెట్టింది. అది చూసి కొరీన్ ఒక సాయంత్రం తలుపులు బిగించుకుని, వేళ్ళు ఇష్టం వచ్చిన చోట పెట్టి, ఇంట్లో పిల్లి పారిపోయేలా గంటసేపు తప్పుల మీద తప్పులు వాయించింది. ఏమీ రాలలేదు. రాలవని ఆ పిల్లకీ తెలుసు, ఆ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. కావాలని చేసిన అపస్వరం రాలదు. సరిగ్గా వాయించాలని ఒళ్ళు మరిచి ప్రయత్నించినవాళ్ళ తప్పే గింజ కడుతుంది.

మే నెలాఖరున ప్రూయిట్ టీచర్ వచ్చే ఏడు ఆర్కెస్ట్రాలో చేరడానికి కాగితాలు పంచుతూ కొరీన్ దగ్గర ఆగింది. పన్నెండో పలక గోడకెక్కింది, ఆవిడ మొహం కళకళలాడుతోంది.

"పోటీ అయినప్పట్నుంచీ నీ కుర్చీ కింద ఒక్క గింజ చూడలేదమ్మా. ఎంత బాగుపడ్డావో! వచ్చే ఏడు నీకు రెండో కుర్చీ."

కొరీన్ థాంక్స్ చెప్పింది. పీరియడ్ అయ్యాక వయోలా పెట్టె మీది తన పేరు చీటీ గోటితో గీకేసి, బడి వయోలాల అరలో వెనకాల పెట్టి వచ్చేసింది. కాగితం నింపి ఇవ్వలేదు. ఇంట్లో అడిగితే, వేసవికి అందరివీ బళ్ళోనే పెట్టించారంది.

ఆగస్టులో, బళ్ళు తెరిచిన రెండో వారంలో రోండాకి పగటి షిఫ్టు వచ్చింది. ఆ సోమవారం మూడున్నరకల్లా ఇల్లు చేరింది, చేతిలో గసగసాల ముద్ద నింపిన కొలాచీ బన్నుల పొట్లం. వంటింటి కుర్చీ గోడవారకి జరుపుకుని, చెప్పులు విడిచి, కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"హమ్మయ్య. ఇంక గింజలతో పని లేదు. తియ్యి, మొదట్నుంచీ వాయించు. సరిగ్గా వచ్చేవి కూడా వింటాను."

కొరీన్ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"తిరిగిచ్చేశానమ్మా. మేలోనే. ఈ ఏడు నేను ఆర్కెస్ట్రాలో లేను."

ఆ వేళకి బయట బడి బస్సు వెనక్కి తిరుగుతున్న చప్పుడు వినపడింది. రోండా లేచి ఫ్రిజ్ మీది డబ్బా దించింది. బోర్లించి తడితే ఐదు గింజలు పడ్డాయి. అందులో అన్నిటికన్నా పెద్దదాన్ని బల్ల మీద పెట్టి, చెంచా కూతురి చేతికిచ్చింది.

కొరీన్ తన గింజ తను ఎప్పుడూ నొక్కలేదు. చెంచా వెనక్కి తిప్పి నొక్కింది.

రెండో పాటలో పైకెక్కే చోటు. స్వరం కిందకే పడింది, సందేహం లేదు. కానీ ఎంత గట్టిగా! తలుపు ఒక్క తోపు తోసి, బురదకాళ్ళతో ఇంట్లోకొచ్చి ఆకలేస్తోందని అరిచే పిల్లలా ఉంది. భయమన్నది లేదు దాంట్లో. కొరీన్ చెంచా పక్కన పెట్టింది.

"ఎవరిదమ్మా ఇది?"

ప్లాంటులో ఎదుటి బల్ల వాళ్ళకి చెప్పినట్టే చెప్పింది రోండా.

"మా అమ్మాయిది."

మిగిలిన నాలుగు గింజలూ అరచేత్తో కూడదీసి డబ్బాలో వేసి మూత పెట్టింది.