అద్దం లేని కిటికీ

సిరిల్ హెబ్డెన్ అదే అద్దాన్ని మూడోసారి తుడుస్తున్నాడు. నోటితో ఆవిరి ఊదడం, మెత్తటి గుడ్డతో పైనుంచి కిందికి ఒక్క లాగు లాగడం, తల వంచి వెలుగులో చూసుకోవడం. యుద్ధానికి ముందు హల్ పట్నంలో పదకొండేళ్లు నిచ్చెన భుజాన వేసుకుని ఇళ్ల కిటికీలు తుడిచిన చెయ్యి అది. వేళ్ల చివర్లు ఎప్పుడూ పగిలే ఉండేవి. ఇప్పుడు ఇంగ్లండులోని లింకన్‌షైర్ వైమానిక స్థావరంలో, మా బాంబర్ విమానం తోక చివర, మోకాళ్లు గడ్డానికి తగిలే అద్దాల తుపాకీ గూటిలో కూర్చుని ఎనిమిదేసి గంటలు వెనక్కి చూడడం అతడి ఉద్యోగం. ఇరవై రెండు దాడులకి వెళ్లొచ్చాడు. ఒక్క గుండూ పేల్చలేదు.

మొన్నటి దాడిలో పరువు పోయింది. వెన్నెల్లో అద్దం మీది నూనెచుక్కని శత్రు విమానం అనుకుని "తిప్పు స్కిప్పర్!" అని అరిచాడు. మా స్కిప్పర్, అంటే పైలట్ డంకన్ మెయిర్, విమానాన్ని గిర్రున తిప్పి కిందికి దూకించాడు. టీ ఫ్లాస్కులు, పటాలు, నావిగేటర్ తలకాయ అన్నీ కప్పుకి కొట్టుకున్నాయి. కిటికీలు తుడిచేవాడే చుక్క వదిలేశాడని మెస్సులో ఒకటే నవ్వులు. నవ్వితే నవ్వనీ. ఈసారి నిజంగా అరిస్తే స్కిప్పర్ ఒక్క క్షణం తటపటాయిస్తాడేమో, ఆ క్షణంలో విమానంలోని ఏడుగురూ పోతారేమో అన్నదే సిరిల్ భయం.

గుడ్డ జేబులో పెట్టుకుని, ఆ విమానం మెకానిక్‌నైన నన్ను పిలిచాడు.

"ఈ అద్దం ఊడదియ్యి."

"మతి పోయిందా? పైన సున్నాకి నలభై డిగ్రీల దిగువ చలి. ముక్కు ఊడిపోద్ది."

"నేను ముక్కుతో చూడను కదా."

అప్పుడే వచ్చిన మెయిర్ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "పదకొండేళ్లు కిటికీలు తుడిచి, ఆఖరికి కిటికీయే వద్దంటావా?"

"ఎంత తుడిచినా అద్దం అద్దమే స్కిప్పర్." సిరిల్ మెయిర్ వైపు తిరిగాడు. "మళ్లీ అరిస్తే నమ్ముతావా?"

"నువ్వు అరిస్తే చాలు, తిప్పేస్తా. అడిగేదేమన్నా ఉంటే కిందికి దిగాక అడుగుతా."

సిరిల్ మొహం వెలిగింది. నేను మరలు విప్పుతుంటే అద్దం పలక తనే పట్టుకున్నాడు. మధ్యాహ్నం సాసేజీ, బంగాళాదుంప తిన్నాడు. అక్కకి ఉత్తరం రాశాడు. మేజోళ్ల మీద మేజోళ్లు తొడుక్కుని, పొద్దు వాలుతుండగా విమానం ఎక్కాడు.

తెల్లారి విమానం వచ్చింది. ఆరుగురే దిగారు.

మెయిర్ రెక్క కింద కూలబడ్డాడు. అద్దం తీసిన సందులోంచి శత్రు విమానాన్ని దూరాన్నే చూసి సిరిల్ అరిచాడట, తను తిప్పేశాడట, గుళ్లు పక్కనుంచి పోయాయట. అది మళ్లీ మీదికొస్తే సిరిల్ మొదటిసారి తుపాకులు పేల్చి దాన్ని కూల్చాడట. దాని ఆఖరి గుళ్లు మాత్రం తోకకి తగిలాయి.

"ఒక్క మాట కూడా అడగలేదు వాణ్ణి," అన్నాడు మెయిర్. ఏడుస్తూనే అన్నాడు, కానీ ఆ గొంతులో గర్వం ఉంది. నాకూ ఏడుపు ఆగలేదు.

వారం తిరక్కుండా మా స్క్వాడ్రన్ తోక గన్నర్లందరూ అద్దాలు తీయించుకున్నారు. మెయిర్, మిగతా అయిదుగురూ తమ వంతుకొచ్చిన ముప్పై దాడులూ పూర్తిచేసి ఇళ్లకి చేరారు. ఊడదీసిన పలకలన్నీ నా షెడ్డు గోడకి ఆనించి ఉన్నాయి. వాటిలో మొదటిదాని అంచున, ఏ ఇంటి కిటికీ మీదా చిన్న మరక కూడా వదలని మనిషి బొటనవేలి ముద్ర ఒకటి ఉంది.