పేరమ్మ ఒప్పుకోలు

విడవలూరుకు తూర్పున సముద్రం ఒడ్డు పాళెంలో చిన్నపోలయ్య తెప్ప మీద వేటకు పోయేవాడు. అతని భార్య పేరమ్మ ఆ చేపల్ని గంపకెత్తుకుని ఊళ్లల్లో అమ్ముకొచ్చేది. ఏ చేప పులుసుకు పనికొస్తుందో, ఏది వేపుడుకు బాగుంటుందో, బాలింతకు ఏది పెట్టాలో చెప్పి మరీ అమ్మేది. బేరం తెగకపోయినా సరే, ఆమె మాటలు వినడానికే ఆడవాళ్లు గంప చుట్టూ చేరేవాళ్లు.

పంతొమ్మిది వందల అరవై ఆరు ఎండాకాలంలో ఆమెకు తెల్లారి లేస్తూనే తలనొప్పి మొదలైంది. కక్కుకుంటే కాస్త తెరిపిగా ఉండేది. దిష్టి తీయించినారు, తాయెత్తు కట్టించినారు. తర్వాత ఒకనాడు విడవలూరులో పద్మనాభయ్యగారి అరుగు మీద గంప దించి, చేతిలో చందువ చేపను పట్టుకుని, దాని పేరు రాక నిలబడిపోయింది. "ఇది... ఇదే... అదీ" అనడమే గాని మాట పెగల్లేదు. ఇంటివాళ్లు నవ్వినారు. పేరమ్మ గంప అక్కడే వదిలేసి ఇంటికొచ్చి, మొగుడి ముందు కూర్చుని, నోరు చూపించి, తల చూపించి ఏడ్చింది. పది రోజులు తిరక్కముందే కుడిచెయ్యి పట్టు తప్పింది.

నెల్లూరు డాక్టరు ఆమె కంట్లోకి లైటేసి చూసినాడు. మెదడులో ఏదో పెరుగుతున్నదని చెప్పి మద్రాసుకు చీటీ రాసిచ్చినాడు. చిన్నపోలయ్య తెప్పను తమ్ముడు గంగాధరానికి అప్పజెప్పి, భార్యను రైలెక్కించినాడు.

మద్రాసు ఆసుపత్రిలో పుర్రె తెరిచి, చేతనైనంత గడ్డ తీసినారు. అక్కడ కామాక్షమ్మగారని ఒక డాక్టరమ్మ ఉండేది. ఆమెది నెల్లూరు మూలాపేట. మనూరి మాట మాట్లాడే మనిషి దొరికిందని చిన్నపోలయ్యకు సగం ప్రాణం లేచొచ్చింది గాని, ఆమె చెప్పిన సంగతి మాత్రం తియ్యటిది కాదు. ఆ గడ్డ గరిక వేళ్ల మాదిరి మెదడులోకి పాకి ఉందంట. కంటికి కనిపించినంత తీసినారు, కనిపించనిది ఉండిపోయింది. అట్లా వదిలేస్తే నాలుగైదు నెలలు. కోబాల్టు యంత్రంతో కిరణాలు పెడితే ఇంకొన్ని నెలలు కలిసిరావచ్చు. ఆ కిరణాలతోబాటే నరంలోకి ఒక కొత్త మందు ఎక్కిస్తే ఇంకా మేలేమోనని ఇప్పుడు పరీక్ష చేస్తున్నారు. కొందరికి కిరణాలొక్కటే, కొందరికి రెండూ. ఎవరికి ఏదన్నది డాక్టర్ల ఇష్టం కాదు. ముందే సీలు వేసి పెట్టిన కవర్లున్నాయి. వరసలో వచ్చిన కవరు విప్పి, అందులో ఏముంటే అది చేస్తారు.

"మీకు మంచిదనిపించింది చెయ్యండమ్మా. ఈ కవర్లెందుకు?" అన్నాడు చిన్నపోలయ్య.

"ఏది మంచిదో మాకు తెలీదు పోలయ్యా. తెలిస్తే అదే ఇచ్చేవాళ్లం. ఆ మందుతో మేలు కావొచ్చు. రక్తం దెబ్బతిని ప్రాణం మీదికే రావొచ్చు. ఊహ మీద మాట చెప్పి నిన్ను మభ్యపెట్టలేను."

తాయెత్తు కట్టినాయనకు తెలుసు. దిష్టి తీసినామెకు తెలుసు. పాళెంలో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ తెలుసు. ఇంత చదువుకున్న మనిషి తెలీదు అనడం చిన్నపోలయ్య పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఆ ఒక్క మాటతో అతనికి ఆమె మీద ఎక్కడలేని నమ్మకం కుదిరింది. వేలిముద్రకు బొటనవేలు చాపినాడు.

"నీది కాదు, ఆమెది," అంది డాక్టరమ్మ.

"దానికి మాట రాదు గదమ్మా."

"మాటే రాదు. చెప్పింది అర్థమవుతుంది."

డాక్టరమ్మ మంచం మీద కూర్చుని, సంగతంతా ముక్కలు ముక్కలుగా, ఒక్కో ముక్కకూ పేరమ్మ చేత తలూపించుకుంటూ అరగంటసేపు చెప్పింది. ఈ పరీక్ష వద్దన్నా ఇదే మంచం, ఇట్లాగే చూసుకుంటాం అని కూడా చెప్పింది.  పేరమ్మ ఎడమచెయ్యెత్తి పక్క మంచం చూపించింది. అక్కడ ముత్తుకూరు నుంచి వచ్చిన పెంచలమ్మ పడుకుని ఉంది. ఆమెదీ అదే జబ్బు. ఆ చెయ్యి అక్కడ ఆగకుండా వార్డు తలుపు దాకా, ఆ బయటి దాకా పోయింది.

చిన్నపోలయ్యకు అంతుబట్టలేదు. డాక్టరమ్మే వంగి అడిగింది. "వెనకొచ్చేవాళ్లకు పనికొస్తుందా అంటున్నావా?"

పేరమ్మ తలూపింది.

"పనికొస్తుంది. నీకు మేలైనా కాకపోయినా, పనికొస్తుంది."

పేరమ్మ తనే ఎడమ బొటనవేలు సిరాలో అద్దుకుంది. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషిని చిన్నపోలయ్య అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసినాడు.

కవరు విప్పితే రెండూ అని ఉంది. పెంచలమ్మకు అంతకు రెండు రోజుల ముందు కిరణాలొక్కటే వచ్చినాయి.

కోబాల్టు గది గోడలు రెండు మూరల మందం. పేరమ్మ గుండు మీద ఊదారంగు గీతలు గీసినారు. బల్ల మీద పడుకోబెట్టి, యంత్రపు ఇనప తలను ఆమె తలకు దగ్గరగా దించి, అందరూ బయటికొచ్చి బరువైన తలుపు మూసేసినారు. చిన్నపోలయ్య దళసరి అద్దంలోంచి చూసినాడు. మంట లేదు, మెరుపు లేదు. సన్నటి గుయ్యిమన్న మోత తప్ప చప్పుడు లేదు. ఆ ఇనప తల లోపల సీసం పొరల మధ్య బొటనవేలంత కోబాల్టు ముక్క ఉందని, ఇప్పుడు దాని వాకిలి తెరుచుకుందని, కిరణం ఎముకను దాటి లోపలికి పోతున్నదని డాక్టరమ్మ చెప్పింది. బొటనవేలంత ముక్కకు ఇంత గోడ కట్టాల్సొచ్చిందా అనుకున్నాడు చిన్నపోలయ్య. గాలివానలో తెప్ప బోల్తాపడి తిరిగొచ్చిన మనిషి, దేనికీ ఆశ్చర్యపోయి నోరు తెరిచేవాడు కాదు. ఆ మూడు నిమిషాలూ భుజం మీది తువ్వాలు తీసి చేత పట్టుకుని, గుళ్లో నిలబడినట్టు నిలబడినాడు.

ఆరు వారాలు అట్లా జరిగింది. మందు ఎక్కించిన రోజుల్లో పేరమ్మ పేగులు నోటికొచ్చేట్టు కక్కుకునేది. మూడోవారం రక్తంలో కణాలు పడిపోయి ఒళ్లు జ్వరంతో కాగిపోయింది. మందు ఆపేసినారు. డాక్టరమ్మ ఇంటికి పోకుండా రెండు రోజులు ఆ మంచం పక్కనే ఉండింది. జ్వరం దిగినాక, మళ్లీ మొదలుపెట్టమంటావా అని పేరమ్మనే అడిగింది. పేరమ్మ తలూపింది. అయిదోవారం పొద్దున, చిన్నపోలయ్య గ్లాసు అందించబోతుంటే, "నీళ్లు" అంది. అతను గ్లాసు ఆమె ఎడమచేతికిచ్చి, డాక్టరమ్మను పిలవడానికి పరుగెత్తినాడు.

ఊరు చేరిన నెలకు ఆమె కర్ర పట్టుకుని ఒడ్డుకు నడిచింది. గంగాధరం వల దులుపుతున్నాడు. పేరమ్మ ఇసకలో కూర్చుని, ఒక్కో చేప మీదా చెయ్యి పెట్టి పేరు చెప్పసాగింది. "చందువ. కానాగంత. సొరపిల్ల." మాట రానప్పుడు కళ్లు మూసుకుని కాచుకునేది. ఆమెతోబాటు ఒడ్డంతా కాచుకునేది. వంజరం దగ్గర చాలాసేపు పట్టింది. అదీ వచ్చింది. ఆమె ముసలి అత్త నాగులమ్మ రెండు చేతులూ జోడించింది. చిన్నపోలయ్య మోకాలిలోతు నీళ్లలోకి పోయి, అందరికీ వీపు పెట్టి నిలబడినాడు.

మాఘంలో చూపించుకోవడానికి మద్రాసు పోతే, పెంచలమ్మ అయిదో నెలలోనే పోయిందని తెలిసింది. అయితే కొత్త మందే గెలిచిందన్నమాట అన్నాడు చిన్నపోలయ్య. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. ఇద్దర్ని చూసి ఏమీ చెప్పలేమని, కిరణాలూ మందూ రెండూ తీసుకుని మూడు నెలలకే పోయినవాళ్లూ ఉన్నారని, కిరణాలొక్కదానితోనే తిరుగుతున్నవాళ్లూ ఉన్నారని చెప్పింది.

ఆపరేషన్ అయినాక పేరమ్మ పదహారు నెలలు బతికింది. అందులో పదినెలలు మాట్లాడుతూనే ఉంది, చేపలు ఎండేసింది, తోడికోడలితో పోట్లాడింది కూడా. ఆ తర్వాత తలనొప్పి మళ్లీ వచ్చింది. అరవై ఏడు కార్తీకంలో, మధ్యాన్నం పూట, మొగుడి చేతిలో చెయ్యి పెట్టి కన్నుమూసింది.

ఈ కబురు కార్డు మీద రాయించి పంపడానికి చిన్నపోలయ్యకు మనసొప్పలేదు. కర్మ అయినాక తనే మద్రాసు పోయినాడు. చెప్పగానే డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. తేదీ అడిగి ఒక పెద్ద పుస్తకంలో రాసుకుంది.

"దాని పేరుందా అమ్మా అందులో?" అని అడిగినాడు.

"పేర్లుండవు పోలయ్యా. నంబర్లే. పేరమ్మది ఇరవైమూడు." ఆమె వేలు పెట్టి ఆ వరస చూపించింది.

అతనికి చదువు రాదు. ఆ కాగితం మీద వరసలు పైనా కిందా ఉన్నాయి. పేజీ తిప్పితే ఇంకా ఉన్నాయి.

"ఇదంతా మనుషులేనా?"

"ఇప్పటికి అరవై ఒక్కరు."

"అందరూ తెలిసే ఒప్పుకున్నారా?"

"ఒక్కొక్కర్నీ అడిగినాం. తెలిసే ఒప్పుకున్నారు."

ఏ ఊరివాళ్లో, ఏ పని చేసుకునేవాళ్లో. చిన్నపోలయ్య చేతులు పంచెకు తుడుచుకుని, ఆ వరసల్ని పై నుంచి కిందికి ఒక్కసారి వేలితో తడిమినాడు. అరవై ఒకటో దాని కింద, వెనకొచ్చేవాళ్ల కోసం, కాగితం ఖాళీగా ఉంది. అక్కడ వేలు ఆపి, చాలాసేపు తియ్యలేదు.