రెండు గిన్నెల టీ

ఎడమ పొయ్యి మీద ఆయన టీ, కుడి పొయ్యి మీద తన టీ. రెండూ పాలు పోయనివే. నీళ్ళూ ఒకటే, చక్కెరా ఒకటే, పొడులే వేరు. ఆయనది నెమలి బొమ్మ పాకెట్, తాగామా లేదా అన్నట్టుండే లేత ఆకు. ఆమెది గుర్రం బొమ్మ పాకెట్, చెంచాడు పడితే గిన్నెంతా నల్లబడే ముతక పొడి. ఇద్దరు మనుషులకి రెండు గిన్నెలు తోముకునే ఇల్లాలు ఇంకెక్కడైనా ఉంటుందా అని రోజూ పొద్దున్నే ఆమెకి ఒళ్ళు మండుతుంది. పందొమ్మిదేళ్ళుగా మండుతూనే ఉంది.

మంట పొడి మీద కాదు, సవతి మీద. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. అయితేనేం, తాను కాపురానికి వచ్చిన రోజు వంటింటి అలమారలో నెమలి పాకెట్ సగం వాడి, మూతి మూడు మడతలు మడిచి, బట్టల క్లిప్పు పెట్టి ఉంది. ఇది ఆవిడ చేసిన అలవాటే అని ఆ మడత చూసి తేల్చేసుకుంది. వస్తూనే మార్చేసిందన్న మాట ఎందుకు పడాలని అదే కాచి ఇచ్చింది. ఆయన మారు మాట్లాడకుండా తాగాడు. ఆనాటి నుంచి నెలనెలా తన చేతులతోనే సవతిని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంటోంది. ఆవిడ ఊసు మాత్రం ఎత్తదు. ఎత్తితే తాను ఓడిపోయినట్టే.

లాండ్రీలో కాలర్లు ఇస్త్రీ చేయడం ఆమె పని. కుడి మణికట్టు మీద వేలెడంత కాలిన మచ్చ ఉంది. చొక్కాని మూడు మడతలు వేయమని యజమాని ఎన్నిసార్లు చెప్పినా ఆమె రెండే వేస్తుంది. కారణం అడిగితే చెప్పదు.

ఒక సాయంత్రం పని నుంచి వస్తూ నెమలి పాకెట్ అడిగితే కొట్టువాడు అన్నాడు, "నెమలి ఇక రాదమ్మా. కంపెనీ ఆపేసిందట. వేరేది ఇవ్వనా?"

"అక్కర్లేదు."

సవతి ఇవాళే నిజంగా చచ్చిపోయినట్టనిపించింది. అలా అనుకున్నందుకు సిగ్గేసింది. నడక మాత్రం ఎన్నడూ లేనంత హుషారుగా సాగింది.

ఆయన బైండింగ్ షాపు నుంచి అప్పటికే వచ్చేసి ఉన్నాడు. గోళ్ళలో జిగురు ఇంకా కడుక్కోలేదు. కాస్త ఆయాసంగా ఉందని కుర్చీలో వెనక్కి వాలాడు. ఆమె ఒకే గిన్నె పెట్టింది. గుర్రం టీ గ్లాసులో పోసి అందించి, పరీక్ష రాసినదానిలా నిలబడింది.

ఆయన ఒక గుక్క తాగి ఆగాడు. తర్వాత అడుగు దాకా తాగేశాడు.

"ఇదేనా నువ్వు రోజూ తాగేది? ఇంకో గ్లాసు ఇస్తావా?"

"మీ నెమలి ఇక దొరకదట. అక్క చేసిన అలవాటు, మానాలంటే కష్టమే."

"ఏ అక్క?"

"ఇంకెవరు, మీ మొదటావిడ."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. "తనకి టీ వాసనే పడేది కాదు. ఆ పాకెట్టు మనకి ముందు అద్దెకున్నవాళ్ళు వదిలేసి పోయింది. ఖరీదైంది నాకు పోసి ముతకది నువ్వు తాగుతున్నావనుకున్నా. వద్దంటే నొచ్చుకుంటావని ఊరుకున్నా."

"అడగొచ్చుగా."

"నువ్వూ అడగొచ్చుగా," అని నవ్వి కళ్ళు మూసుకున్నాడు.

పిచ్చిమొహాన్ని అని తనను తానే తిట్టుకుంటూ ఆమె మళ్ళీ నీళ్ళు పెట్టింది. ఈసారి చెంచా నిండా పొడి వేసింది. గ్లాసు తెచ్చి స్టూలు మీద పెట్టి, "ఇదిగో," అంది. ఆయన తల ఒక పక్కకి వాలి ఉంది. రెండుసార్లు పిలిచింది. చెయ్యి పట్టుకుని చూశాక మూడోసారి పిలవలేదు.

ఇన్నాళ్ళకి ఆయన టీ తనదైంది, ఆయనేమో ఆవిడ దగ్గరికి వెళ్ళిపోయాడు. కుళ్ళు ఆపుకోలేక ఏడ్చింది. వెళితే వెళ్ళాడు, అక్కడ టీ కాచేవాళ్ళు లేరులే అనుకుని మరీ ఏడ్చింది.

ఇరుగుపొరుగు వచ్చి ఆయన్ని లోపలి గదిలోకి మోసుకెళ్ళారు. ఖాళీ కుర్చీ పక్కన, స్టూలు మీద, ఆయన అడిగిన రెండో గ్లాసు నల్లగా, నిండుగా, అలాగే ఉంది.